ఉచితం అంటే ఊరికే వచ్చిందని కాదు

"తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" పనికిరావని మన పెద్దవాళ్ళు అంటారు. తనకు తినడానికి లేకుండా దానం చెయ్యకూడదు, పెట్టుబడే పోయే వ్యాపారం చెయ్యకూడదు అని దాని అర్థం. ఈ మధ్య మా హాస్టల్లో ఈ సామెత నా మీద చాలాసార్లు ప్రయోగించారు. కారణం చిన్నదే. నేను ఫోన్‌లో ఆడే ఒక ఉచిత ఆటను తయారుచేసిన మనిషికి 200 రూపాయలు పంపించాను. "మెస్ బిల్లు కట్టేటప్పుడు చిల్లర లెక్కపెట్టుకునే దానివి, ముక్కూ మొహం తెలియని వాడికి డబ్బులిస్తావా?" అని అడిగారు. అడిగింది న్యాయమైన ప్రశ్నే. గదిలో నలుగురికి జవాబు చెప్పి ఊరుకోవడం కంటే అందరూ చదివేచోట రాస్తే మంచిదనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు కూడా సొంతంగా ఆటలు తయారుచేసే వాళ్ళకి ఎంతో కొంత ఇవ్వడం సబబే. అయితే దాన్ని ధర్మం అనుకోకూడదు. మన వినోదం ఖర్చులో రాసుకోవాలి. ఆ ఖర్చులోనే ఇమడాలి. ఇమడకపోతే ఇవ్వక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు కూడా.

ముందు ఆ ఆట సంగతి. దాని పేరు షాటర్డ్ పిక్సెల్ డంజన్. వటబౌ అనే పేరుతో ఆటలు చేసే ఆయన తన పిక్సెల్ డంజన్ ఆట కోడ్‌ను 2014లో అందరికీ విడుదల చేశాడు. దాన్ని తీసుకుని ఎవన్ డెబెన్‌హామ్ అనే ఆయన ఈ ఆటను మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి మెరుగుపరుస్తూ వస్తున్నాడు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం. ప్రకటనలు రావు. "ఇంత కడితేనే తర్వాతి అంతస్తు" అనే బెదిరింపు లేదు. ఇష్టమైతే మద్దతుగా ఏదైనా ఇవ్వొచ్చు, అంతే. నా ఫోన్ పాతది, ఏది వేసినా వేడెక్కుతుంది. ఈ ఆట మాత్రం హాయిగా నడుస్తుంది. సెమిస్టర్ పరీక్షలప్పుడు నా బుర్ర చల్లబడింది దీనితోనే.

"ఉచితంగా ఇచ్చాడంటే వాడికి డబ్బు అక్కర్లేదన్నమాటే కదా" అని ఒకమ్మాయి అంది. ఈ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. చీరలకు ఫాల్ వేస్తుంది. వీధిలో వాళ్ళు వచ్చి, "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఈ హుక్సు కాస్త కుట్టిపెట్టు, ఈ కాజాలు కాస్త సరిచెయ్యి" అంటారు. అమ్మ మొహమాటానికి సరేనంటుంది. రాత్రి పదకొండింటిదాకా కూర్చుంటుంది. దారం అమ్మదే, కరెంటు అమ్మదే, నడుంనొప్పీ అమ్మదే. డబ్బు అడగలేదు కాబట్టి ఆ పనికి విలువ లేదని వాళ్ళ లెక్క. ఒక్కావిడ మాత్రం వెళ్ళేటప్పుడు ఇరవయ్యో ముప్పయ్యో బల్లమీద పెట్టి వెళ్తుంది. అమ్మ ఆవిడ గురించి చెప్పేటప్పుడు గొంతే వేరుగా ఉంటుంది. ముప్పై రూపాయలతో మా ఇల్లు గడవదు. కానీ చేసింది పని అని ఒకరు గుర్తించారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆట తయారుచేసే వాడిదీ, మిషన్ ముందు కూర్చున్న మా అమ్మదీ నాకు ఒకే కష్టంగా కనిపిస్తుంది.

పెద్ద కంపెనీల ఆటల్లో వందలమంది పనిచేస్తారు, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. సొంతంగా చేసేవాళ్ళకి అది లేదు. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. అమెరికాలో జాక్ ఆడమ్స్, టార్న్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు దాన్ని 2006లో జనం ముందు పెట్టారు. పూర్తిగా ఉచితం. బొమ్మల బదులు తెరమీద అక్షరాలూ గుర్తులే ఉండేవి. ఆడేవాళ్ళు పంపే విరాళాలతోనే ఏళ్ళపాటు ఇద్దరూ బతికారు. డబ్బు పంపినవాళ్ళకి ఒక చిన్న కథో, క్రేయాన్లతో గీసిన బొమ్మో పంపేవాళ్ళు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 2012లో వీడియో ఆటల్ని సేకరించడం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న మొదటి 14 ఆటల్లో ఇదొకటి. అంత పేరు వచ్చాక కూడా వైద్యఖర్చుల భయం వాళ్ళని వదల్లేదు. ఇంట్లో అనారోగ్యాలు రావడంతో, ఇక డబ్బుకి అమ్మే రూపం ఒకటి తెస్తామని 2019లో ప్రకటించారు. బొమ్మలతో కూడిన ఆ రూపం 2022 డిసెంబర్‌లో వచ్చింది. మొదటి నెలలోనే సుమారు 5 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. అక్షరాల పాత రూపాన్ని మాత్రం ఉచితంగానే ఉంచారు.

ఇందులో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, చిన్న చిన్న మొత్తాలు కలిస్తేనే ఆ పని పదహారేళ్ళు ఆగకుండా సాగింది. రెండు, విరాళం జీతం లాంటిది కాదు. ఒంట్లో బాగాలేని రోజున అది చాలదు. కాబట్టి "ఎవరో ఇస్తారులే" అని అందరూ అనుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇది పరాయి దేశాల అలవాటు అని కూడా అన్నారు. నేను ఒప్పుకోను. సంక్రాంతికి హరిదాసు వస్తే టికెట్ అడిగాడా? పాడుకుంటూ వస్తాడు, ఇష్టమైన వాళ్ళు తలమీది గిన్నెలో గుప్పెడు బియ్యం పోస్తారు. హరికథ అయ్యాక హారతి పళ్ళెం తిరుగుతుంది. ఉన్నవాళ్ళు నోటు వేస్తారు, లేనివాళ్ళు రూపాయి బిళ్ళ వేస్తారు. ఏమీ లేనివాళ్ళు హారతి కళ్ళకద్దుకుంటారు. పళ్ళెం పట్టినవాడు ఎవరినీ నిలదీయడు. మన తమిళనాట తంజావూరు దగ్గర మేలట్టూరులో నరసింహ జయంతికి తెలుగు భాగవతమేళ నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు. వేషాలు వేసేవాళ్ళు బతుకుతెరువుకి వేరే పనులు చేసుకుంటూనే దాన్ని నిలబెట్టుకొచ్చారు. టికెట్ లేని కళకి ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చు ఎవరో ఒకరు మోస్తున్నారని అర్థం. అది మనకి తాతల నాటి నుంచీ తెలిసిన సంగతే.

ఇష్టమొచ్చినంత ఇచ్చి ఆట తీసుకోండి అనే పద్ధతిని కంప్యూటర్ ఆటల్లో పెట్టి చూసినవాళ్ళున్నారు. వరల్డ్ ఆఫ్ గూ అనే ఆట ధర 20 డాలర్లు. దాని పుట్టినరోజని 2009 అక్టోబర్‌లో కొద్దిరోజులు ఎంతకైనా ఇస్తామన్నారు. సుమారు 57 వేలమంది కొన్నారు. సగటున ఒక్కొక్కరు ఇచ్చింది 2 డాలర్లు. వేలమంది ఒక్క సెంటు మాత్రమే ఇచ్చారు. దీన్ని చూసి జనం పిసినారులని అనొచ్చు. నాకు మాత్రం హారతి పళ్ళెమే గుర్తొస్తుంది. సెంటు వేసినవాళ్ళలో నాలాంటి విద్యార్థులు ఎందరో ఉండి ఉంటారు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. "అంత ఇవ్వాలనుంటే ఆకలితో ఉన్నవాళ్ళకివ్వు." నిజమే, ఇవ్వాలి. కానీ సినిమాకి వెళ్ళేటప్పుడు ఎవరూ ఈ మాట అనరు. టికెట్, పాప్‌కార్న్, ఆటో కలిపితే 300 దాటుతుంది, దాని గురించి హాస్టల్లో చర్చ జరగదు. ఆట చేసినవాడికి పంపినప్పుడే పేదలు గుర్తొస్తారు. నేను ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెప్పి నెలకి 1,200 తెచ్చుకుంటాను. ఫోన్ రీచార్జి, జిరాక్సులు, సబ్బులు, బస్సు పోను మిగిలింది నా సరదాకి. ఆ నెల సినిమాకి పోలేదు. ఆ డబ్బే ఆటకి వెళ్ళింది. మెస్ బిల్లులో పైసా తగ్గలేదు, అమ్మని అడగలేదు.

అంటే సామెత తప్పని నేను అనడం లేదు. సామెత గీసిన గీత లోపల ఉండే ఇవ్వమంటున్నాను. నేను పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. అప్పు చేసి ఇవ్వకూడదు. ఫీజు డబ్బు, మందుల డబ్బు ముట్టుకోకూడదు. నెలనెలా దానంతటదే కట్ అయ్యే పద్ధతి పెట్టుకోకూడదు, ఎందుకంటే మన ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు. మనం ఇచ్చింది ఎవరికి ఎంత చేరుతుందో చూసుకోవాలి. స్టీమ్‌లో ఆట కొంటే మామూలుగా నూటికి 30 ఆ దుకాణానికే పోతుంది. ఇచ్ డాట్ ఐఓ అనే చోట దుకాణానికి ఎంత వాటా ఇవ్వాలో ఆట చేసినవాళ్ళే నిర్ణయించుకుంటారు. విదేశాలకు నేరుగా పంపితే ఒక్కో చెల్లింపుకీ ఇంత అని రుసుము పడుతుంది, కాబట్టి ముప్పై చొప్పున పదిసార్లు పంపే కంటే ఏడాదికి ఒకసారి మూడొందలు పంపడం నయం. పైగా మన డెబిట్ కార్డులో విదేశీ చెల్లింపులు మామూలుగా ఆపేసి ఉంటాయి. తెరిస్తే, పని అయిపోగానే మళ్ళీ మూసెయ్యండి.

ఇంకో మాట. వజ్రాలూ నాణేలూ కొనమని నిమిషానికోసారి ఊరించే ఆటల్లో పెట్టే డబ్బునీ దీన్నీ ఒకే గాట కట్టకండి. అక్కడ మనం ఓడిపోయి చిరాకులో ఉన్నప్పుడు చూసి అడుగుతారు. ఇక్కడ ఆడడం అయ్యాక, మనసు కుదుటపడ్డాక, మనంతట మనమే ఇస్తాం. నా మటుకు నాకు ఈ తేడా చాలా పెద్దది.

ఇక డబ్బే లేనివాళ్ళ సంగతి. మనలో చాలామందిమి అదే వరసలో ఉన్నాం. చంద్రుడికో నూలుపోగు అన్నట్టు, ఇవ్వడానికి వేరేవి ఉన్నాయి. ఆడాక నాలుగు మంచిమాటలు రాయండి. చిన్నవాళ్ళ ఆటలు నలుగురి కంటపడేది వాటివల్లే. తప్పు కనిపిస్తే ఏ ఫోన్‌లో, ఎక్కడ, ఏం నొక్కితే ఆగిపోయిందో వివరంగా రాసి పంపండి. అన్నిటికంటే ముఖ్యంగా మన దగ్గర తెలుగు ఉంది. బ్యాటిల్ ఫర్ వెస్నాత్ అనే ఉచిత ఆట 2003 నుంచి ఉంది. దాన్ని ఎన్నో భాషల్లోకి మార్చింది జీతం లేని స్వచ్ఛంద అనువాదకులే. షాటర్డ్ పిక్సెల్ డంజన్‌కి కూడా ఆడేవాళ్ళే అనువాదాలు చేసిపెడతారు. అనువాదం పేపర్ కోసం మనం ఏటా ఎన్నో పేరాలు అనువదిస్తాం, మార్కులు వేశాక ఆ కాగితాలు కట్టకట్టి పడేస్తారు. అందులో సగం శ్రమ ఒక ఆట మీద పెడితే తెలుగు చదవగలిగే పిల్లలెవరైనా దాన్ని ఆడుకుంటారు. ఇది డబ్బుకంటే తక్కువ విరాళమని నేననుకోను.

మన పక్కింటి భాషవాళ్ళని చూడండి. కెనడాకు వలస వెళ్ళిన తమిళ తల్లి వంటింటి చుట్టూ అల్లిన వెంబా అనే చిన్న ఆట 2023లో వచ్చి, మరుసటి ఏడు బాఫ్టా బహుమతి తెచ్చుకుంది. మన తమిళ స్నేహితురాళ్ళు దాని గురించి చెప్పేటప్పుడు వాళ్ళ మొహాలు చూశారా? పూణేలో చేసిన రాజీ అనే ఆట కోసం 2017లో జనాన్ని డబ్బడిగితే అనుకున్న మొత్తం రాలేదు. చేసినవాళ్ళు ఎలాగో నిలదొక్కుకుని 2020లో దాన్ని పూర్తిచేశారు. అలా నిలదొక్కుకోలేక మధ్యలో ఆగిపోయే ఆటల పేర్లు మనదాకా రావు. రేపు మన కాలేజీ కంప్యూటర్ సైన్సు అమ్మాయి ఒకతె తోలుబొమ్మలతోనో, మన అమ్మమ్మ చెప్పిన కథతోనో ఒక ఆట చేస్తే, "తెలిసినదానివేగా, ఊరికే ఇవ్వవే" అనే మొదటి మనిషి మనమే అవుతామేమోనని నా భయం.

అందుకే అడుగుతున్నాను. ఈ సెమిస్టర్లో మీకు బాగా నచ్చిన ఉచిత ఆటో, యాపో ఒకటి గుర్తుచేసుకోండి. దాన్ని ఎవరు చేశారో పేరు చూడండి. మీ సరదా డబ్బుల్లోంచి వీలైనంత పంపండి, వీలుకాకపోతే నాలుగు వాక్యాలు రాయండి. తెలుగులోకి తేవడానికి ముందుకొచ్చేవాళ్ళు ఈ కాగితం కింద మీ పేరూ క్లాసూ రాయండి. మొదటి పేరు నాదే రాసిపెట్టాను.