లాంగ్ పెట్టేస్తే సరిపోతుందా?

“64 బిట్ మిషనే కదండీ, ఇంకా ఈ ఓవర్‌ఫ్లో గోలేంటి?” మనవాళ్ళ నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మిషను 64 బిట్లదైతే ఇంట్ కూడా పెరిగిపోతుందని ఎవరు చెప్పారు బాబూ? అటు లినక్స్‌లోనూ ఇటు విండోస్‌లోనూ, సి, సి++ లలో అది ఇప్పటికీ 32 బిట్లే. దాని హద్దు 2,147,483,647.

“అయితే లాంగ్ వాడతాం” అంటారు వెంటనే. 64 బిట్ లినక్స్‌లో లాంగ్ అంటే 64 బిట్లు. 64 బిట్ విండోస్‌లో, మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో, అదే లాంగ్ 32 బిట్లు! ఇక్కడ శుభ్రంగా నడిచిన కోడు అక్కడికెళ్ళి బోర్లా పడుతుంది. పడితే నయమే... పడకుండా తప్పు జవాబిస్తేనే కొంప మునిగేది.

“214 కోట్లు ఎవడు దాటతాడులెండి” అనేది మూడో వాదన. 46,341 నోడ్లున్న గ్రాఫ్‌ని మాట్రిక్స్‌గా ఒకే అర్రేలో పెట్టి చూడండి. గడికో బైటు చొప్పున 2 జీబీ, ల్యాప్‌టాప్‌లోనే పడుతుంది. చివరి గడి ఇండెక్స్ మాత్రం హద్దు దాటేస్తుంది. దాన్ని 64 బిట్ల వేరియబుల్‌లో దాచుకున్నా లాభం లేదు. ఇండెక్స్ లెక్కంతా ఇంట్‌ల మధ్యే జరిగితే, చెడాల్సింది అక్కడే చెడిపోయింది.

గ్రాఫ్500 బెంచ్‌మార్కులో 26 స్కేలుని ‘టాయ్’ అంటారు, అంటే ఆటబొమ్మన్నమాట. నోడ్లు 6.7 కోట్లు. నోడుకి 16 చొప్పున ఎడ్జులు 1,073,741,824. దిశ లేని గ్రాఫ్ కాబట్టి, డూప్లికేట్లు ఏరకుండా ప్రతి ఎడ్జునీ రెండు వైపులా రాసుకుంటే 2,147,483,648. హద్దుకి సరిగ్గా ఒక్కటి ఎక్కువ! ఆటబొమ్మకే ఈ గతి.

అలాగని అన్నిటికీ 64 బిట్లు తగిలించే వీరులంటే కూడా నాకు గౌరవం లేదు. ఇదే గ్రాఫ్‌లో నోడ్ నంబర్లకి 32 బిట్లు హాయిగా చాలు. వాటిని 64 చేస్తే 8 జీబీలో అయ్యే పని 16 జీబీ అవుతుంది, 64 బైట్ల కాష్ లైన్‌లో 16 నంబర్లు పట్టేచోట 8 పడతాయి. బీఎఫ్‌ఎస్ లాంటివాటికి టైమంతా మెమరీ దగ్గరే పోతుంది మరి. 64 బిట్లు కావలసింది ఎడ్జులు లెక్కపెట్టే ఆఫ్‌సెట్లకి. నోడుకో టైపు, ఎడ్జుకో టైపు పేరు పెట్టి ఒకచోట రాసుకోడానికేం నొప్పి? ఇంట్32_టి, ఇంట్64_టి సి స్టాండర్డులోకి 1999లోనే వచ్చాయి.

(జావా వాళ్ళు నవ్వక్కర్లేదు. మీ ఇంట్ అన్నిచోట్లా ఒకటే, నిజమే. కానీ అర్రే ఇండెక్స్ కూడా అదే కదా! పైన చెప్పిన ఆటబొమ్మ మీ ఒక్క అర్రేలో పట్టదు.)

రివ్యూలో ఇదంతా అడిగితే “ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు కదా” అని క్లోజ్ చేసేస్తారు. ఎలా వస్తుందండీ, టెస్టు డేటాలో ఉన్నవి వెయ్యి నోడ్లయితే!