టైరుపై నాలుగంకెలు

బియ్యం పాతబడిన కొద్దీ విలువ పెరుగుతుంది. టైరుకు ఆ భాగ్యం లేదు. అయినా మందుబిళ్ల కొనేటప్పుడు గడువు చూసే మనిషి, టైరు దగ్గర ధర మాత్రమే అడుగుతాడు. టైరు పక్కభాగంలో 'డాట్' అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. '2319' అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. 2000కు ముందు మూడంకెలే ఉండేవి.

రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ప్రాణవాయువు దాని మెత్తదనాన్ని హరిస్తుంది. ఓజోను పైపొరను పగులగొడుతుంది. వేడి ఈ క్షయాన్ని త్వరితం చేస్తుంది. కనుక రెంటచింతల ఎండలో దుకాణం ముందు పేర్చిన టైరూ, చల్లని గిడ్డంగిలో దాచిన టైరూ ఒకే వారంలో పుట్టినా సమవయస్కులు కావు. తేదీయే సర్వస్వమనడం అందుకే సరికాదు. చక్కగా నిలవచేసిన ఏడాది టైరును చూసి బెదరడం అతిజాగ్రత్తే.

అసలు ప్రమాదం గాడులు చెక్కుచెదరని పాత టైరుతోనే. డిక్కీలో ఏళ్లతరబడి నిద్రించే స్టెప్నీ కొత్తదానివలె మెరుస్తుంది. లోపలి పొరలు విడివడుతున్న సంగతి కంటికి కనబడదు. పలు కార్ల సంస్థలు 6 ఏళ్లకే మార్చమంటాయి. మిషెలిన్ సంస్థ 5 ఏళ్లు దాటాక ఏటా పరీక్షింపజేయమనీ, తయారైన 10 ఏళ్లకు బాగున్నా తీసివేయమనీ సూచిస్తుంది.

పూర్తి అంకెలు తరచు ఒక పక్కనే ఉంటాయి. బిగించాక అవి లోపలివైపుకు పోతే బండి కింద దూరి వెదకవలసిందే! దుకాణదారు నొచ్చుకున్నా, బిగించకముందే టైరును తిప్పి చూపమనడం మేలు.