రక్తానికి గడువుంది: క్యాంపుల తేదీలు మార్చండి

అభిమాన సంఘాల పెద్దలకు, యువజన సంఘాలకు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ మిత్రులకు, అన్ని పార్టీల కార్యకర్తలకు,

పోయిన మే నెలాఖరున తలసీమియా ఉన్న ఏడేళ్ల పాపకు బి నెగెటివ్ రక్తం కోసం ఒక తండ్రి చీటీ పట్టుకుని మన పట్నమంతా తిరిగాడు. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: స్టాక్ లేదు, డోనర్‌ని మీరే తెచ్చుకోండి. పాప తల ఎత్తలేని స్థితికి వచ్చాక ఎవరో పక్క జిల్లా నుంచి వచ్చి ఇచ్చారు. ఇదే పట్నంలో అంతకుముందు ఒక పుట్టినరోజునాడు వందల మంది క్యూ కట్టి రక్తమిచ్చారు. అంతమందిలో బి నెగెటివ్ వాళ్లు ఉండకపోరు. వాళ్ల ఫోన్ నంబర్లు కావాలని క్యాంపు పెట్టినవాళ్లను అడిగాం. వాళ్ల దగ్గర ఫొటోలున్నాయి, లిస్టు లేదు.

ఈ కరపత్రం ఆ లిస్టు కోసం.

రక్తదానం గొప్పదని మీకు మేం చెప్పాల్సిన పని లేదు. ఇస్తున్నది మీరే. మీరిచ్చింది ఎవరికి, ఎప్పుడు, ఎంత అందిందో అడిగేవాడు లేడు. అడుగుదాం.

బ్యాగులోకి తీసిన రక్తాన్ని అలాగే ఉంచితే 35 రోజులు నిలుస్తుంది. ఎర్రకణాలు వేరు చేసి నిల్వ ద్రావణం కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ప్లాస్మా ఒక్కదాన్నే గడ్డకట్టించి ఏడాది దాచుకోవచ్చు. ఇక ఇచ్చిన మనిషి సంగతి: మగవాళ్లు 3 నెలలు, ఆడవాళ్లు 4 నెలలు ఆగితే గాని మళ్లీ ఇవ్వకూడదు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆగస్టు 15న ఊళ్లోని దాతలందరి దగ్గరా ఒకేసారి రక్తం తీశామనుకుందాం. సెప్టెంబర్ 26కల్లా ఆ ఎర్రకణాల గడువు తీరిపోతుంది. ఇచ్చిన మగవాళ్లు నవంబర్ 15 దాకా మళ్లీ ఇవ్వడానికి లేదు. మధ్యలో యాభై రోజులు ఫ్రిజ్‌లో రక్తమూ ఉండదు, ఊళ్లో దాతా ఉండడు. ఆ యాభై రోజుల్లో కాన్పులాగవు, లారీలు గుద్దడం ఆగదు, తలసీమియా పిల్లల ఒంట్లో రక్తం తగ్గడం ఆగదు.

మన క్యాలెండర్ చూడండి. ఆగస్టు 9న మహేశ్ బాబు పుట్టినరోజు, 15న స్వాతంత్య్ర దినం, 22న చిరంజీవి పుట్టినరోజు, సెప్టెంబర్ 2న పవన్ కల్యాణ్ పుట్టినరోజు. 25 రోజుల్లో నాలుగు పండగలు, ప్రతి పండగకూ క్యాంపులు. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలుండవు, పిల్లలు సొంతూళ్లకు పోతారు, ఎండలకు జంకి టెంటు వేసేవాళ్లు తగ్గిపోతారు. ఏటా బ్లడ్ బ్యాంకులు ఖాళీ అయ్యేది అప్పుడే. ఇది ఎవరికీ తెలియని రహస్యమా? ఏ బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌ని అడిగినా చెప్తాడు. అడగలేదు, అంతే.

ఒకే చోట, ఒకే పూట వందల యూనిట్లు తీస్తే ఇంకో నష్టం ఉంది. తీసిన కొద్ది గంటల్లోనే ప్లేట్‌లెట్లను, ప్లాస్మాను విడదీయాలి. చిన్న పట్నంలో ఉన్న యంత్రాలెన్ని, చేసే చేతులెన్ని? విడదీయలేకపోతే ముగ్గురికి అందాల్సిన రక్తం ఒక్కరికే పోతుంది. డెంగీ వార్డులో ప్లేట్‌లెట్ల కోసం జనం ఏడుస్తుంటే పక్క వీధిలోనే మనమిచ్చిన ప్లేట్‌లెట్లు దక్కకుండా పోతాయి.

మన చరిత్ర మరిచిపోకండి. ఒకప్పుడు రక్తం అమ్మకపు సరుకు. ఆకలితో ఉన్నవాడు ఒళ్లమ్ముకున్నట్టు రక్తం అమ్ముకునేవాడు. 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకంపై నిషేధం వచ్చింది. మరి ఆ లోటు ఎవరు పూడ్చాలి? ఆ ఏడాది అక్టోబర్ 2న హైదరాబాద్‌లో చిరంజీవి చారిటబుల్ ట్రస్టు మొదలైంది. సినిమా అభిమానం రక్తదానంగా మారింది. తలసీమియా పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి హైదరాబాద్‌లో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ పెట్టుకున్నదీ అదే 1998లో. కటౌట్లకు పాలు పోసే చేతులు రక్తమిచ్చే చేతులయ్యాయి. తెలుగు కుర్రాళ్లు సాధించిన ఆ మార్పు చిన్నది కాదు. దాన్ని ఇవాళ ఫొటోల పోటీగా దిగజార్చింది ఎవరు?

చేదుగా ఉన్నా వినండి. ఎన్ని యూనిట్లు తీశామన్నదే మీ ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఎన్ని యూనిట్లు మనుషులకు ఎక్కాయన్నది ఏ ఫ్లెక్సీ మీదా చూడలేదు. దేశంలోని బ్లడ్ బ్యాంకులు ఐదేళ్లలో 28 లక్షల యూనిట్లకు పైగా రక్తం, దాని భాగాలు పారేశాయని 2017లో సమాచార హక్కు కింద బయటికొచ్చింది. హెచ్‌ఐవీ, కామెర్లు లాంటివి పరీక్షలో తేలి పారేసినవి తప్పవు. గడువు దాటించి పారేసిన ప్రతి బ్యాగూ మన పాపమే. ఎవడో కూలిపని మానుకుని వచ్చి, చెయ్యి చాపి, సూది గుచ్చించుకుని ఇచ్చిన రక్తం అది. దాన్ని మురుగులో పోయించే హక్కు ఏ నాయకుడి పుట్టినరోజుకూ లేదు. రికార్డు కోసం పెట్టే క్యాంపును సేవ అనకండి. దాత రక్తంతో చేయించుకునే ప్రచారం అనండి.

వాట్సాప్‌లో 'అర్జెంట్ బ్లడ్' మెసేజీలు తిప్పేవాళ్లకూ చెప్తున్నాం. తేదీ ఉండదు, ఆసుపత్రి పేరు ఉండదు, అవసరం తీరిందో లేదో ఉండదు. ఏళ్ల కిందటి మెసేజీ ఇవాళా తిరుగుతూనే ఉంటుంది. నాలుగుసార్లు ఫోన్ చేసి మోసపోయినవాడు ఐదోసారి నిజమైన పిలుపుకు కూడా కదలడు.

మేం అడుగుతున్నవి ఇవి:

1. తేదీ మీరు పెట్టకండి, బ్లడ్ బ్యాంకును అడగండి. ఏ వారంలో కొరత ఉంటుందో, ఆ రోజు ఎన్ని యూనిట్లు విడదీయగలరో వాళ్లు చెప్తారు. ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్‌లో గ్రూపుల వారీగా స్టాకు చూడండి. పుట్టినరోజున కేకు కోయండి, దాతల పేర్లు రాయించండి. రక్తం మాత్రం వంతుల వారీగా, నెలనెలా ఇప్పించండి.

2. సంఘాలన్నీ కూర్చుని నెలలు పంచుకోండి. ఏప్రిల్, మే నెలలు బలమైన సంఘాలు తీసుకోవాలి. అభిమానం చూపించదలచుకుంటే ఎండల్లో చూపించండి.

3. ప్రతి వార్డుకూ, ప్రతి ఊరికీ ఒక రిజిస్టరు పెట్టండి: పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, చివరిసారి ఇచ్చిన తేదీ. అది దాత ఒప్పుకుంటేనే రాయాలి. బయటివాళ్ల చేతికి పోకూడదు.

4. నెగెటివ్ గ్రూపుల వాళ్లను క్యాంపు మంచం ఎక్కించకండి. మన దేశంలో వాళ్లు నూటికి ఐదారుగురు. బ్లడ్ బ్యాంకు పిలిచిన రోజే వాళ్లివ్వాలి.

5. ప్రతి తలసీమియా బిడ్డకూ ఐదుగురు దాతలను కేటాయించండి. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కాలంటే ఏడాదికి 17 సార్లు. ఒక మగ దాత ఏడాదికి నాలుగుసార్లు ఇవ్వగలడు. విడతకొక యూనిట్ చాలే బిడ్డకు ఐదుగురుంటే ఏడాది గడుస్తుంది. బిడ్డ ఎదిగి రెండేసి యూనిట్లు కావలసినప్పుడు తొమ్మిది మంది కావాలి.

6. క్యాంపు అయిన 42 రోజులకు లెక్క బయట పెట్టండి. తీసినవి ఎన్ని, ఎక్కించినవి ఎన్ని, పారేసినవి ఎన్ని. అదే ఫ్లెక్సీ మీద, అంతే పెద్ద అక్షరాలతో.

పుట్టినరోజు లేకపోతే కుర్రాళ్లు రారంటారు. ఒక పాప పేరు చెప్పి, ఫలానా రోజు నీ వంతని పిలిచి చూడండి, వస్తారో రారో. మిగిలితే వేరే ఊరికి పంపుతారులే అంటారు. బ్లడ్ బ్యాంకులు ఒకదానికొకటి పంపుకోవడానికి 2015 నుంచి అనుమతి ఉంది, నిజమే. ఎక్కడ తక్కువుందో తెలియకుండా ఎక్కడికి పంపుతారు? ఇదంతా ప్రభుత్వం చూసుకోవాలి అంటారు. చూసుకోవాలి. దాని కోసం కూడా కొట్లాడదాం. అప్పటిదాకా మన రిజిస్టరు మనం రాసుకోవడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఇప్పటి నుంచి లెక్క చెప్పని క్యాంపుకు వెళ్లకండి. మంచం మీద పడుకునే ముందు నిర్వాహకుణ్ణి మూడు మాటలు అడగండి: ఈ తేదీ బ్లడ్ బ్యాంకు ఇచ్చిందేనా? నా గ్రూపుకు ఇప్పుడు కొరత ఉందా? 42 రోజుల తర్వాత లెక్క చెప్తారా? జవాబు రాకపోతే తిరిగి వచ్చేయండి. నేరుగా బ్లడ్ బ్యాంకుకు వెళ్లి మీ పేరు, నంబరు రాయించి, వాళ్లు పిలిచిన రోజున ఇవ్వండి.

– మన పట్నంలో రక్తమిచ్చే కొందరం