ఎలుకా? చిట్టెలుకా?

తెలుగులో శాస్త్రం వ్రాయడం సాధ్యం కాదనే వారితో నాకొక పేచీ ఉంది. సాధ్యమేనంటూ నిఘంటువు ముందు వేసుకొని కూర్చునే వారితో అంతకంటే పెద్ద పేచీ ఉంది. మొదటివారు ప్రయత్నించకుండానే చేతులెత్తేస్తారు. రెండవవారు ప్రతి ఆంగ్లపదానికీ ఒక సంస్కృత సమాసాన్ని తొడిగి, పని పూర్తయిందని కలం కింద పెడతారు. వీరిద్దరి నడుమ చదువరికి దక్కేది ఏమీ లేదు. మూడు దశాబ్దాలు తెలుగు పండితుడిగా సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. సమాసం మీద నాకు ద్వేషమేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఉదాహరణ లేని వాదం గాలిలో మాట. అందుకని మొదటి పక్షం వారు "ఇదెలా తెలుగులో చెప్తారో చూద్దాం" అనదగిన విషయాన్నే తీసుకుంటాను. చిట్టెలుకల మీద చేసే పరిశోధనల్లో రోగనిరోధక కణాలను గుర్తుపట్టడానికి వాడే మోనోక్లోనల్ యాంటీబాడీ. అందులోనూ ఒకదానిని పేరు పెట్టి చెబుతాను: జీకే 1.5.

ఈ విషయమే ఎందుకంటారా? మా తెలకపల్లిలో తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్న పూర్వవిద్యార్థిని ఒకామె ఉంది. ఆమె నిత్యం చేసే పని ఇదే. పండుగకు వచ్చినప్పుడు తల్లి "ఏం పని జేస్తవు బిడ్డా ఆడ?" అని అడిగితే, "ఎలుకల మీద పని అమ్మా, చెప్తే నీకు సమజ్ గాదు" అని ఊరకుందట. ఆ తల్లి కూలికి పోయి, పత్తి ఏరి ఈ పిల్లను చదివించింది. బిడ్డ ఏం చేస్తున్నదో తెలుసుకునే హక్కు ఆమెకు లేదా? తెలుగులో శాస్త్రం కుదరదనే మాటకు అసలు అర్థం ఇదే: ఆ తల్లికి చెప్పనక్కరలేదని.

ఇక విషయానికి వద్దాం. రక్తంలోని తెల్లకణాల్లో లింఫోసైట్లు అనేవి ఉన్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ గుండ్రంగా ఒకే తీరున కనిపిస్తాయి, కాని వాటి పనులు వేరు. కొన్ని యాంటీబాడీలను తయారుచేస్తాయి. కొన్ని వైరస్ సోకిన కణాలను చంపుతాయి. కొన్ని తక్కినవాటికి తోడ్పడతాయి. పనిని బట్టి ఒక్కొక్క రకం కణం పైపొర మీద ఒక్కొక్క రకం ప్రోటీను ఉంటుంది. మందలు కలిసిపోయినప్పుడు గొర్రె మీది ముద్ర చూసి ఎవరిదో పోల్చుకోవడం మన కాపరులకు తెలిసిన విద్యే. ఈ ప్రోటీన్లు అలాంటి ముద్రలు. తోడ్పడే కణం మీద సీడీ4, చంపే కణం మీద సీడీ8, యాంటీబాడీలు చేసే బి కణం మీద సీడీ19. ఆంగ్లంలో వీటిని మార్కర్లంటారు. మనకు "గుర్తు" అనే మాట ఉండగా వేరే సమాసం దేనికి?

ఈ గుర్తులు కంటికి కనబడవు. సీడీ4కు మాత్రమే అతుక్కొని, మరి దేనికీ అతుక్కోని యాంటీబాడీ ఒకటి దొరికితే, దానికి మెరిసే రంగును తగిలించి కణాల మీద వదలవచ్చు. ఆ కణాలను సన్నని ధారగా, ఒకదాని వెనుక ఒకటిగా లేజరు కిరణం ముందు నుంచి పోనిస్తే, మెరిసినవెన్నో మెరవనివెన్నో యంత్రం లెక్కపెడుతుంది. సెకనుకు వేల కణాలు. చిట్టెలుక సీడీ4కు ఆ పని చేసే యాంటీబాడీ పేరే జీకే 1.5. దానిని గురించిన వివరణ 1983లో వెలువడింది.

ఇక్కడ పండితుడికి పని పడింది. ఈ యాంటీబాడీని ఏ జంతువులో పుట్టించారు? ఎలుకలో. దేనిని పట్టుకోవడానికి? చిట్టెలుక కణాలను. మన పత్రికలు ఆంగ్లంలోని రెండు వేర్వేరు జంతువులనూ "ఎలుక" అనే ఒక్క మాటతో సరిపెడతాయి. అప్పుడీ వాక్యం "ఎలుకను గుర్తించడానికి ఎలుకలో తయారుచేసినది" అవుతుంది. చదివినవాడికి తల తిరుగుతుంది. నిజానికి ఆ తేడాలోనే విషయమంతా ఉంది. చిట్టెలుక శరీరానికి తన సీడీ4 తన సొంతం, దానిని శత్రువుగా చూడదు. కనుక దాని మీదికి యాంటీబాడీని సులభంగా చేయదు. ఎలుకకు మాత్రం అది పరాయి సొత్తు. అందుకే ఎలుక కావలసి వచ్చింది. నేనిది చెప్పగానే ఆ తల్లి "ఇంటోణ్ణి ఇంటోడే దొంగ అని వట్టియ్యడు గద సార్" అన్నది. ఇంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకాన్ని నేను చూడలేదు. చిట్టెలుక వేరు, ఎలుక వేరు, పందికొక్కు వేరు అని పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉన్న మాటను పారవేసుకున్నది మనమే. ఆ తరువాత భాష చాలదని నింద!

రెండవ పక్షం వారి సంగతి చూడండి. యాంటీబాడీకి ప్రతిరక్షకమనీ, ప్రతిదేహమనీ, యాంటిజెన్‌కు ప్రతిజనకమనీ పుస్తకాల్లో చదివాం. ఉండనీయండి. కాని మోనోక్లోనల్‌కు "ఏకక్లోనీయ" అని వ్రాసి ఊరుకుంటే ఎవరికి ఏం తెలిసింది? క్లోన్ అనే మాటకు గ్రీకులో రెమ్మ అని అర్థం. రెమ్మ నుంచి మొక్క. మల్లె తీగను వంచి మట్టిలో అంటు తొక్కితే వచ్చే మొక్క తల్లి లాంటిదే అవుతుంది. అలాగే ఒక్క కణం నుంచి పెరిగిన సంతతి అంతా ఒకే రకం యాంటీబాడీని చేస్తుంది. మోనోక్లోనల్ అంటే అంతే. ఈ మూడు వాక్యాలు వ్రాయడానికి బద్ధకించి "ఏకక్లోనీయ" అనడం అనువాదమనిపించుకోదు.

ఆ ఒక్క కణాన్ని పట్టుకొనే ఉపాయం 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టెయిన్ అనే ఇద్దరు కనిపెట్టారు. 1984లో యెర్నెతో కలిపి వారికి నోబెల్ బహుమతి వచ్చింది. యాంటీబాడీ చేసే ప్లీహకణాన్ని బయటికి తీసి పెంచితే కొద్ది రోజులకే చనిపోతుంది. క్యాన్సరు కణం ఎంతకాలమైనా పెరుగుతుంది, కాని మనకు కావలసిన యాంటీబాడీని చేయదు. రెండింటినీ కలిపి ఒక్క కణంగా చేశారు. దానికి హైబ్రిడోమా అని పేరు. అయితే కలపబోయిన వాటిలో కలవనివే ఎక్కువ. కలిసినవాటిని ఎలా ఏరాలి? కణానికి జన్యుపదార్థపు ముడిసరుకు చేసుకునే దారులు రెండు. అమినోప్టెరిన్ అనే మందు ముఖ్యమైన దారిని మూసేస్తుంది. రెండవ దారి లేని క్యాన్సరు కణాన్ని ముందే ఎంచుకుంటారు కనుక, ఒంటరిగా మిగిలిన క్యాన్సరు కణాలు చచ్చిపోతాయి. ఒంటరి ప్లీహకణాలు తమంత తామే పోతాయి. ప్లీహకణం ఇచ్చిన రెండవ దారితో, క్యాన్సరు కణం ఇచ్చిన ఆయుష్షుతో జంటకణాలు మాత్రమే బ్రతుకుతాయి.

ఈ జల్లెడ పట్టే అమినోప్టెరిన్ ఎక్కడిది? అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో తయారయినది. 1895లో భీమవరంలో పుట్టిన ఆ మహానుభావుడి బృందం ఇచ్చిన ఆ మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తక్యాన్సరును కొంతకాలం అదుపు చేయగలిగి, 1948లో లోకానికి తెలిపాడు. సుబ్బారావు గారు కన్నుమూసినదీ ఆ యేడే. ఆయన మన తెలుగువాడని సభల్లో చెప్పుకుంటాం, దండలు వేస్తాం. ఆయన మందు ఏ దారిని మూస్తుందో తెలుగులో ఒక పేరా వ్రాయమంటే మాత్రం "అది సాంకేతికం" అంటాం. గర్వానికి పనికివచ్చిన తెలుగు, వివరించడానికి ఎందుకు పనికిరాదో ఎవరైనా చెబితే వింటాను.

"ముందు పదాలు కావాలి కదా మాస్టారూ" అంటారు కొందరు. మనిషి సీడీ4 చరిత్రే దీనికి జవాబు. ఒకే ప్రోటీనును ఒక ప్రయోగశాల టీ4 అన్నది, మరొకటి లూ-3 అన్నది. చిట్టెలుకలో దానినే ఎల్3టీ4 అన్నారు. ఈ గందరగోళం భరించలేకనే 1982లో పారిస్‌లో సమావేశమై మనిషి కణాల గుర్తులకు వరుస సంఖ్యలు ఇవ్వడం మొదలుపెట్టారు. తరువాత అవే సంఖ్యలు చిట్టెలుకకూ వచ్చాయి. అంటే ఆంగ్లంలో సైతం పేరు అర్థాన్ని మోయడం లేదు. అర్థాన్ని మోసేది పక్కనున్న వాక్యం. సీడీ4ను సీడీ4 అనే ఉంచుకుందాం, ఆ వాక్యాన్ని మనం వ్రాద్దాం.

అలా వాడితే జనానికి అంటదంటారా? మన దేశంలో ఎయిడ్స్ రోగులకు ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004లో మొదలైంది. 2017లో సంఖ్యతో పనిలేకుండా అందరికీ ఇవ్వాలనే విధానం వచ్చేదాకా, మందు మొదలుపెట్టడానికి సీడీ4 లెక్క చూసేవారు. ఆ రోజుల్లో అక్షరం రాని మనుషులు కూడా "నా సీడీఫోరు ఇంత" అని చెప్పుకునేవారు. ఏ పండితుడూ వారికి పదం కల్పించి ఇవ్వలేదు. ప్రాణం మీదికి వచ్చింది కనుక మాటను తమది చేసుకున్నారు. వారికి అందనిది ఆ అంకె వెనుక కథ. అది చెప్పవలసింది చదువుకున్న మనం.

ఇవి ప్రయోగశాల గోడల లోపలే ఉండిపోయే సంగతులు కూడా కావు. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ రిటుక్సిమాబ్ అనే మోనోక్లోనల్ యాంటీబాడీని రెడిటక్స్ పేరుతో విడుదల చేసింది. బి కణాల మీద ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకొని పనిచేసే క్యాన్సరు మందది. పొలం తాకట్టు పెట్టి అలాంటి మందు కొనేవాడికి, అది ఏం చేస్తుందో తన భాషలో తెలుసుకునే చోటు ఉండాలా, వద్దా?

తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు ఒక మాట వచ్చింది. గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి జవాబుగా వ్యాసాలతో సరిపెట్టలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి ముందు పెట్టారు. ఆ తరువాత ఆ మాట అన్నవారికి మరో మాట లేకపోయింది.

బ్లాగ్మిత్రులారా! టపా అనే పాతమాటకు కొత్త పని అప్పగించినవారు మీరు. లంకె, అంతర్జాలం అనే మాటలను వాడి వాడి నిలబెట్టినవారు మీరు. ఏ సంఘమూ మీకు అనుమతి ఇవ్వలేదు. మీలో వైద్యులున్నారు, రసాయనశాలల్లో పనిచేసేవారున్నారు, విదేశాల్లో ఇవే చిట్టెలుకలతో కుస్తీ పట్టేవారున్నారు. కథలూ కవితలూ మానమనడం లేదు. మీరు రోజూ చేసే పనిని గురించి ఒక్క టపా, మీ అమ్మగారికి చదివి వినిపించదగినట్లుగా వ్రాయండి. పదం దొరకకపోతే ఆంగ్లమాటనే తెలుగు లిపిలో పెట్టి ముందుకు సాగండి. వాక్యం మాత్రం తెలుగుది కావాలి. అందులో తప్పులుంటే దిద్దడానికి నాలాంటి ముసలి పంతుళ్ళు ఇంకా మిగిలే ఉన్నాం.