విద్యార్థి చెప్పుకొన్న మాటకు భద్రత ఏదీ?

కళాశాలల్లో కౌన్సెలింగ్ తప్పనిసరి.. గోప్యతపై కొరవడిన స్పష్టత
రిజిస్టరు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని అయోమయం

ఉప్పాడ (కొత్తపల్లి మండలం): 'కౌన్సెలింగ్' అంటే ఉప్పాడ పరిసర గ్రామాల్లోని తల్లిదండ్రులకు ముందుగా స్ఫురించేది ఇంజినీరింగ్ సీటే. ర్యాంకు కార్డు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ జిరాక్సులు సంచిలో పెట్టుకుని కాకినాడ వెళ్లడం, ఇంటర్నెట్ సెంటరులో ఆప్షన్లు ఇచ్చుకోవడం వారికి తెలిసిన కౌన్సెలింగ్. ఇప్పుడు అదే మాట మరో అర్థంతో కళాశాలల గుమ్మం తొక్కింది. చదువుల ఒత్తిడితో, ఇంటి చిక్కులతో, ఒంటరితనంతో సతమతమయ్యే విద్యార్థిని కూర్చోబెట్టి అతని గోడు వినే కౌన్సెలింగ్ ఇది. సీటు కౌన్సెలింగ్‌లో విద్యార్థి ఇచ్చేవి కాగితాలు. ఈ కౌన్సెలింగ్‌లో ఇచ్చేది మనసులోని మాట. ఆ మాటను ఎవరు రాసుకుంటున్నారు, ఎక్కడ దాస్తున్నారు, ఎవరికి చూపిస్తున్నారు అన్న ప్రశ్నలకు మాత్రం సూటి సమాధానం లభించడం లేదు.

విశాఖ కేసుతో కదలిక

కౌన్సెలింగ్ వ్యవస్థకు దేశవ్యాప్తంగా ఊపు వచ్చింది మన రాష్ట్రానికి చెందిన కేసుతోనే. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ హాస్టల్‌లో ఉంటున్న పదిహేడేళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించాలని కోరుతూ ఆమె తండ్రి సుప్రీంకోర్టు వరకు వెళ్లారు. 2025 జులై 25న తీర్పు వెలువరించిన జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం కేసును సీబీఐకి బదిలీ చేయడంతో పాటు, చట్టం వచ్చే వరకు అన్ని విద్యాసంస్థలూ పాటించవలసిన మార్గదర్శకాలను ప్రకటించింది.

వాటి ప్రకారం వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, మనస్తత్వ నిపుణుడు లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం కావాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ వంటి సహాయ కేంద్రాల నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. అమలును పర్యవేక్షించేందుకు జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఏర్పడాలి.

అంతగా చర్చకు రాని మరో నిబంధన కూడా అందులో ఉంది. కౌన్సెలింగ్‌కు సంబంధించిన వివరాలను విద్యార్థుల గుర్తింపు తెలియని రీతిలో నమోదు చేసి, ఏటా నివేదిక రూపొందించాలన్నదే అది. ఎన్ని కౌన్సెలింగులు జరిగాయి, ఎందరిని నిపుణుల వద్దకు పంపారు అన్నది పై అధికారులకు తెలియాలి. ఆ విద్యార్థి ఎవరు అన్నది తెలియకూడదు. గోప్యతకు మూలసూత్రం ఈ తేడాలోనే ఉంది.

అధ్యాపకుడే కౌన్సెలర్

ఆచరణలో పరిస్థితి వేరు. ప్రత్యేక కౌన్సెలర్ లేని చోట ఆ బాధ్యత అధ్యాపకుల మీదే పడుతుంది. ఈ పద్ధతికి యూజీసీ 2015లో జారీ చేసిన విద్యార్థుల భద్రతా మార్గదర్శకాలు ఆధారం. ఇరవై అయిదు మంది విద్యార్థుల బృందానికి ఒక అధ్యాపకుడు సంరక్షకుని వలె వ్యవహరించాలని అవి నిర్దేశించాయి. అదే పత్రంలో, ఈ అధ్యాపక కౌన్సెలర్లు హాస్టల్ వార్డెన్లతో సమన్వయం చేసుకుని విద్యార్థుల వ్యక్తిగత వివరాలు, చదువు రికార్డు, ప్రవర్తన తీరును పరస్పరం పంచుకోవచ్చని కూడా ఉంది. ఆపదను ముందే పసిగట్టాలన్నది దాని ఉద్దేశం. సదుద్దేశమే అయినా, పంచుకునే సమాచారానికి హద్దు ఎక్కడన్నది అక్కడ తేలలేదు. పదేళ్ల నాడు సమాచారం పంచుకోవాలన్న మాట ఒకటి, నేడు గుర్తింపు దాచాలన్న మాట మరొకటి. ఈ రెంటి మధ్య అధ్యాపకుడు నలుగుతున్నాడు.

దీనికి న్యాక్ గుర్తింపు ఒత్తిడి తోడైంది. ఎందరు విద్యార్థులకు ఒక మెంటార్ ఉన్నారన్నది న్యాక్ మదింపులో ఒక కొలమానంగా ఉంటూ వచ్చింది. దానికి ఆధారాలు చూపాలి. అందువల్ల మెంటార్ రిజిస్టర్లు పుట్టుకొచ్చాయి. తండ్రి వృత్తి, ఆదాయం, ఆరోగ్యం, సమస్య, తీసుకున్న చర్య అంటూ గడులు గీసి నింపే పుస్తకాలివి. తనిఖీ బృందానికి చూపేందుకు సిద్ధం చేసిన రిజిస్టరులో విద్యార్థి కన్నీటి కథ రాస్తే, అది రహస్యంగా ఉంటుందని ఆశించడం కష్టం.

అంతకంటె సున్నితమైన అంశం మరొకటి ఉంది. మెంటార్‌గా గోడు వినే అధ్యాపకుడే ఇంటర్నల్ మార్కులు వేస్తాడు, హాజరు లెక్కిస్తాడు. అవసరమైతే తండ్రికి ఫోన్ చేస్తాడు. అటువంటి వారి ఎదుట విద్యార్థి ఎంతవరకు మనసు విప్పుతాడన్నది ఆలోచించవలసిన విషయం.

ఇంటికొక్క ఫోన్.. ఊరంతా చుట్టరికం

ఉప్పాడ వంటి తీర గ్రామంలో ఈ ప్రశ్న బరువు మరింత ఎక్కువ. ఒక వీధిలో వేట మీద బతికే కుటుంబాలు, మరో వీధిలో జాంధానీ మగ్గాలు. ఇక్కడి పిల్లలు పిఠాపురం, కాకినాడ కళాశాలలకు రోజూ వెళ్లి వస్తుంటారు, లేదా హాస్టళ్లలో ఉంటారు. తుపాను వస్తే సముద్రం బీచ్ రోడ్డును కోసేస్తుంది. 2025 అక్టోబరు నాటి మొంథా తుపానులోనూ అదే జరిగింది. ఇల్లు కోత బారిన పడుతుందన్న బెంగ, వేట నిషేధ కాలంలో అప్పులు, మగ్గం మీద వచ్చే కూలి చాలకపోవడం వంటివి విద్యార్థి చదువుతో పాటు మోసుకెళ్లే బరువులు.

అప్లికేషన్‌లో రాసే ఫోన్ నంబరు చాలా ఇళ్లలో విద్యార్థిది కాదు. తండ్రిదో, అన్నదో, పక్కింటి దుకాణందారుదో అవుతుంది. కౌన్సెలింగ్‌కు రమ్మని కళాశాల పంపే చిన్న సందేశం కూడా ముందుగా వారి కంటే పడుతుంది. ఎందుకు పిలిచారన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అందరూ అందరికీ బంధువులైన ఊళ్లో 'మనసు బాగోలేదట' అన్న మాట పొక్కితే ఆడపిల్ల విషయంలో అది చదువు మాన్పించే దాకా, పెళ్లి సంబంధాల దాకా పోతుంది. ఈ భయంతోనే సహాయం అవసరమైన విద్యార్థి కౌన్సెలర్ గది వైపు చూడకుండా తిరుగుతాడు. గోప్యత లోపిస్తే ఒకరి రహస్యం బయటపడటంతో నష్టం ఆగదు. ఆ తర్వాత రావలసిన పది మంది రాకుండా పోతారు.

చట్టాలున్నాయి.. సందులూ ఉన్నాయి

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్, మానసిక అనారోగ్యం గల వ్యక్తి వివరాలను చికిత్స చేసే ఆరోగ్య నిపుణులు గోప్యంగా ఉంచాలని ఆదేశిస్తోంది. రోగి తన వైద్య రికార్డును చూసుకునే హక్కును 25వ సెక్షన్ ఇచ్చింది.

చిక్కు ఏమిటంటే, ఆ సెక్షన్ చికిత్స చేసే ఆరోగ్య నిపుణులను ఉద్దేశించింది. మెంటార్‌గా వ్యవహరించే గణితం లెక్చరర్ ఆ నిర్వచనంలోకి రాడు. పరీక్ష భయంతోనో, ఫీజు బకాయి బెంగతోనో వచ్చే విద్యార్థి ఆ చట్టం చెప్పే మానసిక అనారోగ్యం పరిధిలోకి రాకపోవచ్చు. అంటే కళాశాలల్లో ఎక్కువగా జరిగే సంభాషణే చట్టం నీడకు బయట ఉండిపోతోంది.

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ లోటును కొంత పూడుస్తుంది. సమాచారం సేకరించే సంస్థ ఎందుకు తీసుకుంటున్నదీ చెప్పాలి, భద్రపరచాలి, అవసరం తీరాక తొలగించాలి. సమాచారం బయటికి పొక్కితే సంబంధిత వ్యక్తికి, డేటా రక్షణ బోర్డుకు తెలియజేయాలి. భద్రతా చర్యల్లో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, సంస్థలపై ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తరువాత, అంటే 2027 మేలో అమలులోకి వస్తాయి.

ఈ చట్టం డిజిటల్ సమాచారానికి, డిజిటల్‌లోకి మార్చిన సమాచారానికి మాత్రమే వర్తిస్తుంది. బీరువాలోని కాగితపు రిజిస్టరుకు వర్తించదు. అదే రిజిస్టరు పుటను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి అధ్యాపకుల వాట్సప్ గ్రూపులో పెడితే అది డిజిటల్ సమాచారమవుతుంది. ఈ తేడా తెలిసిన సిబ్బంది ఎందరున్నారన్నది యాజమాన్యాలే తేల్చుకోవాలి.

మైనర్ల విషయంలో మరింత జాగ్రత్త

పదో తరగతి కాగానే ట్రిపుల్ ఐటీల్లో చేరేవారు, ఇంటర్ హాస్టళ్లలో ఉండేవారు పద్దెనిమిదేళ్లు నిండనివారే. డిజిటల్ సమాచార చట్టం వారిని బాలలుగానే పరిగణిస్తుంది. వారి వివరాల వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతి మూలం. అయితే సమస్య ఇంట్లోనే ఉంటే ఆ విద్యార్థి ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

లైంగిక వేధింపుల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, మైనరుపై అటువంటి నేరం జరిగినట్లు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేసి తీరాలి. కౌన్సెలర్‌కూ ఇందులో మినహాయింపు లేదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు కూడా అవసరమైన మేరకు సమాచారం ఇచ్చేందుకు మానసిక ఆరోగ్య చట్టం వీలు కల్పించింది. అంటే గోప్యత సంపూర్ణం కాదు. ఆ హద్దులేమిటో మొదటి రోజే, మొదటి మాటకు ముందే విద్యార్థికి చెప్పడం కౌన్సెలర్ ధర్మం. అన్నీ విన్నాక 'ఇది మీ నాన్నకు చెప్పక తప్పదు' అనడం నమ్మకద్రోహంగానే మిగులుతుంది.

విదేశాల అనుభవం

ఈ చిక్కు మన వద్దకే పరిమితం కాదు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంపై లైంగిక దాడి బాధితురాలైన విద్యార్థిని ఒకరు 2015లో దావా వేశారు. ఆమె అదే విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రంలో చెప్పుకొన్న రికార్డులను విశ్వవిద్యాలయం తన న్యాయ వ్యవహారాల కోసం తెప్పించుకోవడం పెను దుమారం రేపింది. చివరకు ఎనిమిది లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. మరుసటి ఏడాది అక్కడి విద్యాశాఖ, విద్యార్థుల సమ్మతి గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా ఇటువంటి రికార్డులను సంస్థ న్యాయవాదులకు ఇవ్వరాదని సూచిస్తూ లేఖ జారీ చేసింది. ఏటా మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లే విద్యార్థులూ తెలుసుకోదగిన విషయమిది.

ఫిన్లాండ్‌లో వాస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ రికార్డులను దొంగిలించిన హ్యాకర్, 2020 అక్టోబరులో ఒక్కొక్క రోగికి విడివిడిగా సందేశాలు పంపి డబ్బు డిమాండ్ చేశాడు. బాధితుల సంఖ్య వేలల్లో ఉంది. సమాచారం కంప్యూటర్లోకి ఎక్కిస్తే చాలు భద్రమన్న భ్రమను ఆ ఘటన పోగొట్టింది.

జిల్లా స్థాయిలో చేయదగినవి

సుప్రీంకోర్టు ఆదేశించిన కమిటీకి జిల్లాలో కలెక్టరే అధ్యక్షుడు. కౌన్సెలర్‌ను నియమించారా లేదా అని మాత్రమే కాక, రికార్డుల నిర్వహణ తీరునూ ఆ కమిటీ పరిశీలిస్తే పెద్ద ఖర్చు లేకుండానే చాలా మార్పు వస్తుంది.

* చదువుకు సంబంధించిన మెంటార్ రిజిస్టరు, వ్యక్తిగత కౌన్సెలింగ్ రికార్డు వేర్వేరుగా ఉండాలి. రెండోది తాళం వేసిన బీరువాలో, కౌన్సెలర్ చేతిలోనే ఉండాలి.
* తనిఖీ బృందాలకు, న్యాక్‌కు సంఖ్యలు మాత్రమే చూపాలి. పేర్లు, రోల్ నంబర్లు చూపరాదు.
* మార్కులు వేసే అధ్యాపకుడు అదే విద్యార్థికి వ్యక్తిగత కౌన్సెలర్ కాకుండా చూడాలి.
* విద్యార్థి సమస్యలను వాట్సప్ గ్రూపుల్లో చర్చించరాదని లిఖితపూర్వక ఆదేశం ఉండాలి.
* ఏ సందర్భాల్లో సమాచారం బయటికి చెప్పవలసి వస్తుందో తెలుగులో ఒక పుటలో రాసి గది బయట అంటించాలి.
* సందేశం ఏ నంబరుకు పంపాలో విద్యార్థినే అడగాలి. కోర్సు ముగిశాక రికార్డు ఎన్నాళ్లుంచుతారో, ఎప్పుడు ధ్వంసం చేస్తారో చెప్పాలి.

తల్లిదండ్రులూ అడగాలి

కళాశాలలో చేర్పించేటప్పుడు ఫీజెంత, బస్సు ఉందా, హాస్టల్ భోజనం ఎలా ఉంటుందని అడిగే తల్లిదండ్రులు, కౌన్సెలర్ ఎవరు, మా పిల్లలు చెప్పింది ఎవరి వద్ద ఉంటుంది అని కూడా అడగవలసిన రోజులివి. అలాగే పిల్లవాడు కౌన్సెలర్‌ను కలిశాడని తెలిస్తే నిలదీయకుండా ఉండటం వారి వంతు. కళాశాలలో చెప్పుకోలేనివారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ 14416 ఉచిత నంబరు రాత్రీ పగలూ అందుబాటులో ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.

కౌన్సెలర్‌ను నియమించి గది కేటాయించడం సులువు. ఆ గదిలోకి విద్యార్థి అడుగు పెట్టాలంటే, లోపల చెప్పింది బయటికి రాదన్న భరోసా అతనికి ఉండాలి. 2027 మే వరకు ఆగకుండా కళాశాలలు, జిల్లా యంత్రాంగం ఈ విద్యా సంవత్సరంలోనే ఆ భరోసా కల్పించవలసిన అవసరం ఎంతైనా ఉంది.