చెరలో ఉన్న సైనికునికి రావలసిన సొమ్ము

చెరసాలలో ఉన్నవారిని దర్శించే పరిచర్య అనగానే మనకు ఒక పాట, ఒక ప్రార్థన, ఒక బైబిలు ప్రతి, క్రిస్మస్‌కు ఒక పళ్ల పొట్లం గుర్తుకు వస్తాయి. ఇవన్నీ మంచివే. అయితే ఈ నెల మేము చెప్పదలచినది కాగితాలతో చేసే పరిచర్య. అమెరికా దేశంలో జైళ్లలో ఉన్న మాజీ సైనికులకు, సైన్యంలో పోగొట్టుకున్న ఆరోగ్యానికి ప్రభుత్వం ఇచ్చే నష్టపరిహారం రప్పించిపెట్టే పని అది. మన సంఘాల బిడ్డలు ఎందరో ఆ దేశంలో స్థిరపడ్డారు. అక్కడ జైలు పరిచర్యకు వెళ్లేవారికి గాని, పొరుగింట అటువంటి కుటుంబం ఉన్నవారికి గాని ఇది అక్కరకు వస్తుందని మా ఆశ. మన దేశపు సైనికుల పింఛను నియమాలు వేరు. వాటి సంగతి మేమిక్కడ ఎత్తడం లేదు.

సైనికుడు జైలులో ఎందుకుంటాడని కొందరు అడగవచ్చు. 2011-12లో ఆ దేశపు న్యాయశాఖ తీసిన లెక్క ప్రకారం అక్కడి జైళ్లలో సుమారు 1,81,500 మంది మాజీ సైనికులు ఉన్నారు. అంటే నూరుమంది ఖైదీలలో ఎనిమిదిమంది. వీరిలో నాలుగింట మూడు వంతులకు పైగా సైన్యం నుండి మంచి పేరుతోనే బయటికి వచ్చినవారు. సుమారు సగం మంది తమకు మానసిక వ్యాధి ఉన్నట్టు వైద్యులు ఏదో ఒక సమయంలో చెప్పారన్నారు. యుద్ధభూమిలో చూసినవి ఇంటికొచ్చినా విడువక, నిద్రపట్టక, తాగుడులో పడి, చేయి జారి నేరం చేసినవారు వీరిలో ఉన్నారు. ఆ మనోవ్యాధికి వైద్యశాస్త్రం పి.టి.ఎస్.డి. అని పేరుపెట్టి తన పుస్తకంలో చేర్చినది 1980లో. అందుకు వియత్నాం నుండి తిరిగివచ్చిన సైనికులు ఎంతో పోరాడారు. విచిత్రమేమంటే, జైలులో పడిన సైనికుని నష్టపరిహారాన్ని తగ్గించే చట్టం కూడా ఆ 1980లోనే వచ్చింది. ఒక చేతితో ఇచ్చి రెండవ చేతితో పట్టుకున్నట్టయింది.

ఆ చట్టం ఏమంటుందో తెలియకనే చాలా నష్టం జరుగుతోంది. జైలుకు వెళితే అంతా పోయినట్టేనని సైనికుడు అనుకుంటాడు, భార్య కూడా అదే అనుకుంటుంది. అది నిజం కాదు. ఫెలనీ అనే పెద్ద నేరానికి శిక్షపడి జైలులో ఉంటే, 61వ రోజు నుండి నష్టపరిహారం తగ్గుతుంది గాని పూర్తిగా ఆగదు. వైకల్యం 20 శాతం గాని అంతకు మించి గాని ఉన్నట్టు నిర్ణయమైనవానికి 10 శాతానికి ఇచ్చేంత సొమ్ము వస్తుంది. 10 శాతమే ఉన్నవానికి అందులో సగం వస్తుంది. విచారణ ముగిసి నేరం రుజువు కాకముందు జైలులో గడిపిన కాలానికి ఈ కోత వర్తించదు. చిన్న నేరాలకు కూడా నష్టపరిహారంలో కోత లేదు. పేద సైనికులకు ఇచ్చే పింఛను అనేది వేరొకటి ఉన్నది. అది మాత్రం పెద్ద నేరమైనా చిన్న నేరమైనా 61వ రోజున ఆగిపోతుంది. ఈ రెండింటినీ ఒకటిగా తలచి తికమకపడేవారు ఎక్కువ గనుక మొదట అడగవలసిన ప్రశ్న, మీకు వచ్చేది నష్టపరిహారమా, పింఛనా అని.

అంకెలతో చూస్తే సంగతి బోధపడుతుంది. 2025లో నూరు శాతం వైకల్యమున్న ఒంటరి సైనికునికి నెలకు 3,831 డాలర్లు. 10 శాతానికి 175 డాలర్లు. అంటే జైలులో పడిన రెండు నెలలకు ఆ ఇంటికి 3,650 డాలర్లకు పైగా రాబడి తగ్గిపోతుంది. భార్యాపిల్లలు ఉన్నవానికి వచ్చేది ఇంకా ఎక్కువ గనుక పోయేదీ ఎక్కువే. ఇంటి అద్దె, పిల్లల చదువు దానిమీదనే నడుస్తున్నాయనుకోండి, నేరం చేయని ఆ పిల్లలు ఏమి కావాలి?

చట్టం చేసినవారు ఈ ప్రశ్నను మరచిపోలేదు. సైనికునికి కోసివేసిన సొమ్ములో కొంత గాని, అంతా గాని అతని భార్యకు, పిల్లలకు, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకు వాటాగా ఇవ్వవచ్చునని అందులోనే వ్రాశారు. అయితే అడగనిదే ఆ వాటా రాదు. మాజీ సైనికుల శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి, ఇంటి రాబడి, ఖర్చు వ్రాసి చూపాలి. ఇక్కడే కుటుంబాలు వెనుకబడుతున్నాయి. భర్త జైలులో ఉన్నాడని నలుగురికీ చెప్పుకోలేని సిగ్గుతో ఆమె ఏ ఆఫీసు గడపా తొక్కదు. మా దృష్టిలో జైలుకు వెళ్లే పరిచారకుడు చేయగల గొప్ప సహాయం, జైలు బయట ఉన్న ఆ ఇల్లాలి దగ్గర కూర్చుని ఆ ఫారం నింపిపెట్టడమే. ఖైదీకి ధైర్యం చెప్పే మాటలు నూరు చెప్పినా, ఇంట్లో పిల్లలు తింటున్నారన్న కబురు ఇచ్చేంత నెమ్మది అతనికి దొరకదు.

దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. జైలులో పడ్డ సంగతి శాఖకు తెలియజేయకపోతే సొమ్ము పూర్తిగానే వస్తూ ఉంటుంది. ఇంటివారు సంతోషించి ఖర్చుపెడతారు. తరువాత సంగతి బయటపడి, అదంతా అప్పుగా లెక్కకట్టి ముందుముందు వచ్చే సొమ్ములోనుండి పట్టుకుంటారు. విడుదలై బయటికి వచ్చినవానికి చేతిలో పైసా లేని రోజుల్లో ఆ అప్పు నెత్తిన పడుతుంది. కాబట్టి మొదటి నెలలోనే ఒక ఉత్తరం వ్రాసి పంపించడం మేలు.

ఇంతవరకు ఎన్నడూ నష్టపరిహారం అడగనివాడు జైలులోనుండి కొత్తగా అడగవచ్చునా? అడగవచ్చు. మంజూరైతే ఇప్పుడు చేతికి వచ్చేది తక్కువే అయినా, శాతం నిర్ణయమై ఉంటుంది గనుక విడుదలైన నాటినుండి పూర్తి సొమ్ము మొదలవుతుంది. కాగితాలన్నీ సమకూడేదాకా ఆగనక్కరలేదు. దరఖాస్తు చేయబోతున్నానని ముందుగా ఒక నోటీసు పంపి, ఏడాదిలోగా పూర్తి దరఖాస్తు పెడితే, నోటీసు అందిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. జైలులో ఒక్కో ఉత్తరానికి వారాలు పడుతుంది గనుక ఈ సదుపాయం చాలా విలువైనది.

కష్టమంతా వైద్యపరీక్ష దగ్గర వస్తుంది. వ్యాధి ఎంత ముదిరిందో, అది సైనికసేవ వల్ల వచ్చినదో కాదో డాక్టరు పరీక్షించి చెప్పాలి. బయటి మనిషి అయితే చెప్పిన రోజున ఆసుపత్రికి వెళతాడు. ఖైదీ ఎలా వెళతాడు? రాలేదు గనుక దరఖాస్తు కొట్టివేస్తున్నామంటే అది న్యాయమా? మాజీ సైనికుల అప్పీళ్లు వినే అక్కడి న్యాయస్థానం 1991లోను, 1995లోను ఇచ్చిన తీర్పులలో, ఖైదీ అయిన సైనికునికి తోటి సైనికులకు చూపినంత శ్రద్ధే చూపాలని, అతని పరిస్థితికి తగినట్టు సహాయం మలచుకోవాలని చెప్పింది. శాఖ డాక్టరు జైలుకు రావచ్చు, జైలు డాక్టరే శాఖ పద్ధతి ప్రకారం పరీక్షించవచ్చు, లేదా కాపలాతో బయటికి తీసుకుపోవచ్చు. ఏది కుదురుతుందో జైలు అధికారులతో ముందే మాట్లాడిపెట్టేవారు ఒకరు కావాలి. ఖైదీని ఒక జైలునుండి మరొక జైలుకు మార్చినప్పుడు పరీక్ష నోటీసు పాత చోటికి పోయి అక్కడే ఉండిపోతుంది. చిరునామా మారిన ప్రతిసారీ ఒక కార్డు ముక్క వ్రాయాలి. చూడటానికి చిన్న పనే గాని, ఎన్నో దరఖాస్తులు ఈ చిన్న పని జరగకనే చెడిపోతాయి.

డబ్బు తీసుకుని సొమ్ము ఇప్పిస్తామనేవారి విషయంలో జాగ్రత్త. మొదటి దరఖాస్తు వేసిపెట్టినందుకు ఫీజు పుచ్చుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదు. అమెరికన్ లీజియన్, డి.ఎ.వి., వియత్నాం వెటరన్స్ ఆఫ్ అమెరికా వంటి సంఘాలలో శాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉచితంగానే చేస్తారు. సైన్యం నుండి చెడ్డ పేరుతో పంపివేయబడినవారి సంగతి కొంచెం కఠినం. అయినా వారు కూడా ఆశ వదలనక్కరలేదు. శాఖ ఒక్కొక్కరి సేవను విడిగా చూసి నిర్ణయిస్తుంది, డిశ్చార్జి కాగితాన్ని సరిదిద్దమని అడిగే బోర్డులూ ఉన్నాయి.

ఇక విడుదల విషయం. పెరోల్ బోర్డు గాని జైలు గాని ఇచ్చిన విడుదల కాగితాన్ని చూపితే, బయటికి రావడానికి 30 రోజులు ముందే శాఖ పని మొదలుపెట్టగలదు. విడుదల సంగతి ఏడాదిలోపు తెలియజేస్తే విడుదలైన తేదీనుండే పూర్తి సొమ్ము వస్తుంది. ఏడాది దాటితే, మధ్యకాలపు సొమ్ము పోతుంది. పగలు బయట పనికి పంపే పద్ధతిలోనో, విడుదలకు ముందు ఉంచే వసతి గృహంలోనో ఉన్నవారికి కోత ఉండదు గనుక, అక్కడికి మార్చిన రోజే ఉత్తరం వ్రాయాలి. పైకోర్టులో శిక్ష కొట్టివేయబడితే కోసిన సొమ్మంతా తిరిగి ఇస్తారు. శాఖ తరపున జైళ్లకు వచ్చి, విడుదలకు ముందే వైద్యం, వసతి మాట్లాడిపెట్టే ఉద్యోగులు ఉన్నారు. వారు ఏ నెలలో వస్తారో జైలు చాప్లెయిన్‌ను అడిగితే తెలుస్తుంది.