నెగెటివ్ వస్తే లేనట్టేనా?

2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఒక కోవిడ్ ర్యాపిడ్ యాంటిజెన్ కిట్‌కు అనుమతి ఇచ్చింది. ముక్కులోంచి తీసిన స్వాబ్‌ను ద్రావణంలో ముంచి, చుక్కలు వేస్తే అరగంటలో ఫలితం.

జబ్బున్న వాళ్లలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో చెప్పేది సెన్సిటివిటీ. ఆ కిట్‌ది 50.6 నుంచి 84 శాతమే! జబ్బు లేనివాళ్లలో ఎంతమందికి సరిగ్గా ‘లేదు’ అంటుందో చెప్పేది స్పెసిఫిసిటీ. అది 99.3 నుంచి 100 శాతం. అందుకే పాజిటివ్ వస్తే ఖాయంగా తీసుకుని, లక్షణాలుండీ నెగెటివ్ వచ్చినవారికి మాత్రం ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయాలని ఐసీఎంఆర్ చెప్పింది.

అయితే ఏ పరీక్షకైనా స్పెసిఫిసిటీ 99 శాతమున్నా, వెయ్యిమందిలో పదిమందికే జబ్బుంటే, మిగతా 990 మందిలో దాదాపు పదిమందికి ఉత్తుత్తి పాజిటివ్ వస్తుంది.

టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష మొదలు మామోగ్రామ్ దాకా, రిపోర్టుల వెనకున్న ఈ లెక్కలే ఈ సంచిక ముఖచిత్ర కథనం.